ఎర్ర అట్ట పుస్తకం

కేబుల్ వైరు మీది నల్ల తోలు ఒలిస్తే ఒక వాసన వస్తుంది. కొత్త చెప్పుల దుకాణంలోకి అడుగుపెట్టినప్పుడు వచ్చే వాసనకి దగ్గరగా ఉంటుంది, కాస్త ఘాటెక్కువ. తోలు కింద వెండిరంగు అల్లిక, దాని కింద తెల్లటి మెత్తటి పొర, అన్నిటికన్నా లోపల ఒక్కటే రాగి తీగ. ఆ తీగ కొస వేలికి గుచ్చుకుంటే రెండు రోజులు సలుపుతుంది. 1998 నుంచి 2003 దాకా నా కుడిచేతి బొటనవేలు ఆ పోట్లు లేకుండా ఉన్నది తక్కువ.

2023 డిసెంబరులో ఏలూరులో మా డాబా మీద ఒక కుర్రాడు మా ఇంటి వైరు కోసి చుట్ట చుడుతుంటే ఆ వాసన మళ్లీ తగిలింది. తీసెయ్యమని చెప్పింది నేనే. ఆ ఏడు ఐపీఎల్ జియోసినిమాలో ఊరికే వచ్చింది. అక్టోబరు, నవంబరుల్లో వరల్డ్ కప్ హాట్‌స్టార్‌లో ఫోన్ల మీద ఊరికే వచ్చింది. ఇంట్లో నలుగురం, నాలుగు ఫోన్లు. టీవీకి ఇంటర్నెట్ పెట్టాక కేబుల్ బాక్సు మీద దుమ్ము తుడిచినవాళ్లు కూడా లేరు. "నెల నెలా ఎందుకు కడుతున్నాం నాన్నా?" అని మా అమ్మాయి అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

కుర్రాడు చుట్టని భుజానికి తగిలించుకుని, "బాక్సు కూడా ఇచ్చెయ్యండి అంకుల్" అన్నాడు. ఇచ్చాను. "ఈ నెల డబ్బులు?" అన్నాడు. జేబులో చిల్లర లేదు. "వచ్చే వారం ఒకసారి రా" అన్నాను. "సరేనండి" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. అతని వెనక జేబులో కటింగ్ ప్లేయర్ ఎర్ర పిడి బయటికి కనిపిస్తోంది. నేనూ అచ్చం అలాగే పెట్టుకునేవాణ్ని.

*

ఏలూరులో ఇంటర్ చదువుతూ రెండో ఏడు లెక్కల్లో తప్పాను. ఊరికి వచ్చేశాను. మాది కైకలూరు నుంచి కొల్లేటికోట వెళ్లే దారిలో ఒక పల్లె. అక్కడ కేబుల్ నడిపేవాయన మాకు చుట్టం కాదుగానీ ఊరందరికీ బాబాయి. "ఖాళీగా తిరగడమెందుకురా, స్తంభాలు ఎక్కడం వచ్చా?" అని అడిగాడు. తాటిచెట్లు ఎక్కిన ఒళ్లు, స్తంభం ఒక లెక్కా అనుకున్నాను.

కంట్రోల్ రూం అంటే బాబాయి ఇంటి మేడ మీద రేకుల గది. బయట మూడు డిష్షులు. లోపల ఒక ఇనుప అరలో ఛానెల్‌కి ఒకటి చొప్పున రిసీవర్లు, వాటి పక్కన మాడ్యులేటర్లు, అవి వేడెక్కకుండా రాత్రింబవళ్లు తిరిగే టేబుల్ ఫ్యాను. ఆ గదిలో నుంచి ఒక లావు వైరు బయల్దేరి ఊరంతా పాకేది. కొంత దూరానికొక ఆంప్లిఫయరు, అక్కణ్నుంచి ఇంటింటికీ సన్న వైర్లు. ఏ వీధిలో కరెంటు పోతే ఆ వీధి ఆంప్లిఫయరు ఆగిపోయేది, దాని తరవాతి ఇళ్లన్నిటికీ బొమ్మ పోయేది. ఇక కొల్లేటి గాలి సంగతి చెప్పక్కర్లేదు. ఆర్నెల్లకే రాగి మీద పచ్చటి చిలుం పట్టేది. బొమ్మ మసకబారిందని కబురొస్తే మూడొంతులు ఆ చిలుమే. చాకుతో గీకి, కొస కోసి, కొత్త పిన్ను పెట్టి వచ్చేవాణ్ని.

నేను చేరిన నెలలోనే షార్జా మ్యాచ్‌లు వచ్చాయి. 1998 ఏప్రిల్ 22 రాత్రి. సచిన్ ఆడుతుండగా ఇసుక తుఫాను లేచి మైదానం మసకైపోయింది. మాకు ఫోను మీద ఫోను: "డిష్షు కదిలిందేమో చూడండి." నిజంగానే ఎక్కి చూశాను. డిష్షు బాగానే ఉంది. దిగి వచ్చేసరికి ఆటగాళ్లు నేల మీద బోర్లా పడుకుని ఉన్నారు. దుమ్ము షార్జాలోదని అప్పుడు తెలిసింది. ఆ రోజు 143, మళ్లీ 24న తన ఇరవై అయిదో పుట్టినరోజున 134. ఆ రెండు రాత్రులూ వీధిలో ఒకేసారి లేచిన కేకలు నేను స్తంభం మీద నుంచి విన్నాను. ఆ కేక నేను లాగిన వైరు గుండా వెళ్లిందన్న గర్వం ఉండేది. పంతొమ్మిదేళ్లవాడికి అది చిన్న గర్వం కాదు.

2001 మార్చి 14. కలకత్తాలో లక్ష్మణ్, ద్రావిడ్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఔట్ కాలేదు. ఆ రోజు మాకు ఒక్క కంప్లయింటూ రాలేదు. బొమ్మ అంత బాగుండి కాదు. పోయినచోట పక్కింటికెళ్లి కూర్చున్నారు, లేచి ఫోను చేసే ఓపిక ఎవరికుంది? మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్తే మా అమ్మ గుమ్మంలో నిలబడి, "ఇంకా ఉన్నారా వాళ్లు?" అని అడిగింది. క్రికెట్టు గురించి మా అమ్మ నన్ను అడిగింది జీవితంలో ఆ ఒక్కసారే అనుకుంటా.

*

బాబాయి దగ్గర ఒక ఎర్ర అట్ట పుస్తకం ఉండేది. అందులో కనెక్షన్ నంబర్లు లేవు. మనుషులున్నారు. వంతెన పక్క టీకొట్టు. స్కూలు మాస్టారు. ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా. చివరి పాక, దోనె తాత. ఒక్కొక్కరికి ఒక వరస, నెలకొక గడి. డబ్బులిస్తే టిక్కు, ఇవ్వకపోతే చుక్క. మూడు చుక్కలు వరసగా పడితే వైరు కొయ్యాలి. నెలకి ఎనభయ్యో, వందో తీసుకునేవాళ్లం. ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు.

2003 మార్చి 23, ఆదివారం. జోహన్నెస్‌బర్గ్‌లో వరల్డ్ కప్ ఫైనల్. మనకి మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మొదలు. పొద్దున్నే బాబాయి పుస్తకం నా చేతికిచ్చి, "ఇవాళ కోస్తేనేరా డబ్బులు బయటికొచ్చేది" అన్నాడు. అది అతని కొత్త కనిపెట్టుడేమీ కాదు. పెద్ద మ్యాచ్ ముందు బాకీలు గుంజడం ఈ లైనులో అందరికీ అలవాటే. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే హుషారుగానే బయల్దేరాను. నిచ్చెన సైకిలుకి కట్టుకుని ఊళ్లోకి వెళ్తుంటే అరుగుల మీది మనుషులు లేచి నిలబడటం బాగుండేది.

మొదటి ఇంట్లోనే ఏడు చుక్కలు. ఆయన ఊళ్లో పెద్దమనిషి. నిచ్చెన దింపబోతుంటే వాళ్లావిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి, గ్లాసు ఇచ్చి, ముందుకి వెళ్లిపోయాను. ఆ వైరు ముట్టుకోలేదు.

చివరి పాక దగ్గరికి వెళ్లేసరికి పదకొండు దాటింది. తాత గట్టు మీద దోనె బోర్లించి నెర్రెలకి తారు పూస్తున్నాడు. తాటిమాను తొలిచి చేసే కొల్లేటి దోనె అది. ఎండకి తారు వాసన ముక్కు పుటాలు మండిస్తోంది. ఆయనవి సరిగ్గా మూడు చుక్కలు.

"ఇయ్యాల్టికి వదిలెయ్‌రా అబ్బాయ్. రేపు వేటకెళ్తే డబ్బులొస్తాయి. పట్టుకొచ్చి ఇచ్చేస్తాను. మనవడు పది రోజుల్నించీ దీనికోసమే ఉన్నాడు."

"ఓనరు చెప్పాడు తాతా. నా చేతిలో ఏముంది?" అన్నాను.

నా చేతిలో కటింగ్ ప్లేయర్ ఉంది. స్తంభం ఎక్కి కోసేశాను. వైరు కింద పడింది. గుమ్మంలో పదేళ్ల పిల్లాడు నిలబడి ఉన్నాడు. నీలం చొక్కా వేసుకున్నాడని నా జ్ఞాపకం. అది నిజంగా నీలమేనా, ఆ రోజు ఊరంతా నీలం కాబట్టి వాడికీ నేనే తొడిగానా, చెప్పలేను. వాడు వచ్చి వైరు కొస చేత్తో పట్టుకుని చూశాడు. అది మాత్రం నాకు బాగా గుర్తుంది. కేబుల్ వచ్చాక ఊళ్లో యాంటెన్నాలన్నీ పీకి పాత సామాన్లకి వేసేశారు. వైరు లేకపోతే ఆ టీవీలో చుక్కలు తప్ప ఇంకేం లేవు.

రాత్రికి మనవాళ్లు ఓడారు. పాంటింగ్ 140, ఆస్ట్రేలియా 359, మనం 125 పరుగుల తేడాతో పోయాం. పడుకున్నప్పుడు, 'పోన్లే, తాత పోగొట్టుకున్నదేం లేదు' అనుకున్నాను. ఆ మాట అనుకుని హాయిగా నిద్రపోయాను కూడా.

మర్నాడు పొద్దెక్కాక వెళ్లాను, మళ్లీ కట్టిద్దామని. తాత రొండిన మడిచిపెట్టిన నోట్లు తీసి లెక్కపెట్టి ఇచ్చాడు. తడిసి ఉన్నాయి, చేపల నీచు కొడుతున్నాయి. మూడు నెలలదీ ఉంది, రూపాయి తక్కువ లేదు.

"నిన్న రేడియోలో విన్నాంరా. బాగానే వినపడింది" అన్నాడు.

"వైరు కట్టనా తాతా?"

"వద్దులే."

కోపంగా అనలేదు. అదే నన్ను ఇరవై ఏళ్లుగా వదలనిది. పుస్తకంలో ఆ వరస మీద బాబాయి అడ్డగీత గీశాడు. నేను ఆ ఏడు దసరాకల్లా పని మానేసి తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్‌లో ఒక కొట్లో లెక్కలు రాయడానికి చేరాను. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని చేపల చెరువుల గట్లు పగలగొట్టినప్పుడు ఊరికి వెళ్లాను. చాలా చెరువులు పోయాయి, వాటి మీద బతికేవాళ్లు చాలామంది పని వెతుక్కుంటూ పోయారు. చివరి పాక ఉన్నచోట మొండిగోడలు కూడా లేవు. తాత ఎక్కడికి వెళ్లాడో, ఆ పిల్లాడు ఏమయ్యాడో తెలియదు. అడగటానికి నాకూ మొహం చెల్లలేదు.

*

ఆ తరవాత మార్పు ఒక్కరోజులో రాలేదు, వచ్చిందని తెలియనంత నెమ్మదిగా వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైంది. ఫోను, ఇంటర్నెట్, టీవీ మూడూ కలిపి 149 రూపాయలన్నారు. దాని వైరు కరెంటు స్తంభాల మీదుగా వచ్చింది, బాబాయి వైరుకన్నా పైనుంచి. 2019 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చింది: వంద ఛానెళ్లకి 130 రూపాయలు, పైన పన్ను, ఆ తరవాత ఏ ఛానెల్ కావాలంటే దాని రేటు దానికి. ఆట చూసే ఛానెల్ 19 రూపాయలు. బాబాయి ఫోను చేసి, "ముసలమ్మలకి ఛానెల్ ఛానెల్‌కీ లెక్క చెప్పలేక గొంతు పోతోందిరా" అన్నాడు. నేను ఊ కొట్టాను. అప్పటికే నా ఫోన్‌లో హాట్‌స్టార్ ఉంది. ఆయనకి చెప్పలేదు.

ఆ ఏడు జూలై 10. వాన వల్ల రెండో రోజుకి పడ్డ వరల్డ్ కప్ సెమీఫైనల్. గూడెం నుంచి ఏలూరు వచ్చే సాయంత్రం బండిలో చూస్తున్నాను. బండి భీమడోలు దాటేసరికి ధోనీ, జడేజా మీద ఆశ కుదిరింది. తెర మూలన ఒక అంకె పెరుగుతూ ఉంది. ఒకే క్షణాన చూస్తున్నవాళ్ల లెక్క అది. రెండున్నర కోట్లు దాటింది. అందులో నేనూ ఒకణ్ని. నాకెందుకో ఎర్ర అట్ట పుస్తకం గుర్తొచ్చింది. ఇన్ని కోట్లమందిలో ఎవడు టీకొట్టు, ఎవడు మాస్టారు, ఆ అంకెకి తెలియదు కదా అనిపించింది. అంతలో బొమ్మ ఆగి, తెల్లచక్రం తిరగడం మొదలుపెట్టింది. దెందులూరు దగ్గర మళ్లీ వచ్చేసరికి ధోనీ తల వంచుకుని వెళ్లిపోతున్నాడు. గప్టిల్ విసిరి ధోనీని రనౌట్ చేయడం నేను మర్నాడు చూశాను. బోగీలో ఎవరూ మాట్లాడలేదు. ఎవరి ఫోను వాళ్లు జేబులో పెట్టుకున్నారు.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే ఫోనుకి అన్యాయం చేసినట్టవుతుంది. 2024 డిసెంబరు 28, శనివారం. మార్కెట్‌లో మా కొట్టు ముందు ఉల్లి బస్తాల మీద ఆరుగురు హమాలీలు, మధ్యలో ఒక ఫోను. మెల్‌బోర్న్‌లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉన్నాడు. బుమ్రా ఔటయ్యాడు, సిరాజ్ చివరివాడు. సిరాజ్ మూడు బంతులు కాచుకున్నాడు. ఎవరూ ఊపిరి తీయడం లేదు. పక్క కొట్లో టీవీ ఉంది. మా ఫోన్‌లో బోలండ్ ఇంకా పరుగు మొదలుపెట్టకముందే ఆ కొట్లోంచి కేక లేచింది. వంద అయిపోయిందని మాకు తెలిసిపోయింది. అయినా ఆరుగురూ కదల్లేదు. బంతి మా దాకా రావాలిగా! వచ్చింది, మిడాన్ మీదుగా ఫోరు పోయింది. అప్పుడు మళ్లీ కేకేశారు, మొదటిసారి తెలిసినట్టే. ప్రేక్షకుల్లో వాళ్ల నాన్న కళ్లు తుడుచుకుంటుంటే, ఫోను పట్టుకున్న కుర్రాడు తెర మీది ఉల్లిపొట్టు మెల్లిగా ఊదేశాడు. కేబుల్ రోజుల్లో మధ్యాహ్నం పన్నెండింటికి బస్తాలు మోసేవాడికి ఆ బంతి దొరికేదా? దొరికేది కాదు. అది నేను ఒప్పుకుంటాను.

*

2025 జూన్ 3, ఐపీఎల్ ఫైనల్ రోజున బాబాయిని చూడటానికి ఊరికి వెళ్లాను. ఒళ్లు బాగుండటం లేదని కబురు. చీకటి పడ్డాక చెరువుల మధ్య రోడ్డు మీద బండి మీద వెళ్తుంటే గట్ల మీద అక్కడక్కడా చిన్న వెలుగులు. కాపలా మనుషుల ఫోన్లు. ఒక్కో మకాం దగ్గర ఒక్కో ఓవర్ వినిపిస్తోంది.

రేకుల గది ఖాళీగా ఉంది. ఫ్యాను ఒక్కటే మిగిలింది. కనెక్షన్లు తగ్గి తగ్గి, మిగిలినవాటిని కైకలూరు వాళ్లకి అప్పజెప్పేశాడట. "నీ ఫోన్‌లో పెట్టరా, కోహ్లీ ఎన్నాళ్లకి గెలుస్తాడో చూద్దాం" అన్నాడు. పెట్టాను. కాసేపు వచ్చి ఆగిపోయింది. నా ప్లాను గడువు తీరిపోయింది, డబ్బులు కట్టమంటోంది. బాబాయి కళ్లద్దాలు సవరించుకుని తెరని చాలాసేపు చూశాడు.

"రేపు కడతానని దీనికి చెప్పడానికి లేదా?"

"లేదు బాబాయి."

"ఎవరికి చెప్పుకోవాలి మరి?"

ఎవరికీ చెప్పుకోలేం అన్నాను. 149 రూపాయలు కట్టాను. నిమిషంలో బొమ్మ వచ్చింది. నా దగ్గర ఆ 149 ఉన్నాయి కాబట్టి వచ్చింది. ఆ నిమిషంలో నాకు తారు వాసన తగిలిందంటే మీరు నమ్ముతారో లేదో. దోనె తాత ముందు ఒక మనిషి నిలబడ్డాడు. తాత అడగ్గలిగాడు, అడిగాడు. ఆ మనిషి ఒప్పుకుని ఉండొచ్చు. ఒప్పుకోకపోవడం నా తప్పు, వైరు తప్పు కాదు. ఇప్పుడు ఏ పిల్లాడి మ్యాచ్ ఆగినా వాడి తాతకి అడగడానికి ఎదురుగా ఎవరూ ఉండరు.

కోహ్లీ గెలిచాడు. పద్దెనిమిదేళ్లకి, ఆరు పరుగులతో. బాబాయి అప్పటికి నిద్రపోయాడు. పక్కన బల్ల మీద పుస్తకాలు పేర్చి ఉంటే తిరగేశాను. 2003ది లేదు, చెదలు తినేశాయట. చివరి పుస్తకంలో వరస వెనక వరస, అన్నీ చుక్కలే. కనెక్షన్ తీసేసినవాళ్ల ఆఖరి నెల డబ్బులు. ఒకరివి కావు, ఊరందరివీ. అడగడానికి మళ్లీ వాళ్ల గుమ్మం ఎక్కే పని లేదు గనక అవి అలాగే ఉండిపోయాయి.

అప్పుడు గుర్తొచ్చింది, ఏలూరు కుర్రాడికి నేను వచ్చే వారం రమ్మన్నది. అతను రాలేదు. నేనూ పిలవలేదు. ఏడాదిన్నర అయింది. మర్నాడే పవర్‌పేటలో వాళ్ల ఆఫీసు వెతుక్కుంటూ వెళ్లాను. ఆ కుర్రాడు పని మానేశాడు, ఎక్కడున్నాడో వాళ్లకి తెలియదు. డబ్బులు కౌంటర్‌లో కట్టి రసీదు తీసుకున్నాను.

మీరూ కేబుల్ తీసేసి ఉంటే, బాక్సు ఇంట్లోనే పడి ఉంటే, దయచేసి తిరిగి ఇచ్చెయ్యండి. ఆఖరి నెల డబ్బులు ఇచ్చారో లేదో ఒకసారి చూసుకోండి.